పది లక్షల మూడు

నిన్న పొద్దున మేడ మీద మిరపకాయలకి తొడిమలు తీస్తూ కూర్చున్నాను. ఈ ఏడు కారం పట్టించే పని నా మీద పడింది. మా మనవరాలు నీడలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. సాయం చెయ్యవే అంటే రెండు కాయలు తీసి, ఇరవై తుమ్ములు తుమ్మి, చేతులు కడుక్కుని వెళ్ళి కూర్చుంది. ఉన్నట్టుండి అక్కణ్ణుంచే కేక పెట్టింది.

"అమ్మమ్మా! ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రధాన సంఖ్య దొరికిందంట. దాన్లో కోట్ల అంకెలున్నాయంట!"

"ఎవరు కనుక్కున్నారు?"

"కంప్యూటర్లు. నెలల తరబడి లెక్కలు చేశాయంట."

"నాకు పదహారు రోజులు పట్టింది" అన్నాను.

"ఏంటి పట్టింది?"

"నాదీ ఒకటుందే. పది లక్షల మూడు."

అది ఫోను పక్కన పెట్టింది. ఈ కాలంలో పిల్లలు ఫోను పక్కన పెట్టారంటే మాటలు కాదు. అప్పుడు దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, గొప్పలు కొంచెం తగ్గించి.

మా ఊరు అద్దంకి నుంచి ఒంగోలు పోయే రోడ్డుకి మైలు దూరం లోపల. నల్లరేగడి నేల. కొంత పత్తి, కొంత పొగాకు, మిగతాదంతా మిరప. మాఘమాసం దాటిందంటే ఊరు ఊరంతా మిరప ఘాటే. కొత్తగా వచ్చిన చుట్టాలు బస్సు దిగుతూనే తుమ్మేవాళ్ళు. మాకు మాత్రం ఆ ఘాటులోనే ఒక తియ్యటి వాసన తెలిసేది. ఇప్పటికీ కారం మర పక్కనుంచి వెళ్తుంటే నా నడక నెమ్మదిస్తుంది.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. చివరి పీరియడులో మా లెక్కల మాస్టారు మాతో ఒక ఆట ఆడేవారు. మేము దానికి విరగ్గొట్టే ఆట అని పేరు పెట్టుకున్నాం. మేము ఒక సంఖ్య చెప్పాలి, ఆయన దాన్ని రెండు సంఖ్యల గుణకారంగా విరగ్గొట్టాలి. తొంభై ఒకటి అంటే ఏడు పదమూళ్ళు. అలా ఏది విసిరినా క్షణంలో రెండు ముక్కలు చేసి బోర్డు మీద పెట్టేవారు. ఏ ముక్కలూ కానిది వస్తే, ఇది ప్రధాన సంఖ్య అని అక్కడికక్కడే చెప్పేసేవారు. ఏదీ తేల్చలేకపోయిన రోజు మాకందరికీ తలా ఒక చింతపండు ఉండ ఇప్పిస్తానని ఆయన పందెం.

ఒకరోజు మా బావ లేచాడు. మా మేనత్త కొడుకు, నాకంటే నాలుగు నెలలు పెద్ద. ఆ నాలుగు నెలలూ నలభై ఏళ్ళన్నట్టు నడిచేవాడు. "పది లక్షల ఒకటి సార్" అన్నాడు. అప్పటిదాకా వేలు దాటి ఎవరూ వెళ్ళలేదు. మాస్టారు కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నారు. తర్వాత బోర్డు మీద నూట ఒకటి ఇంటూ తొమ్మిది వేల తొమ్మిదొందల ఒకటి అని రాశారు. మేము గుణించి చూసుకున్నాం. సరిగ్గా వచ్చింది! క్లాసంతా చప్పట్లు.

నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. పది లక్షల రెండు సరి సంఖ్య, అది ఎలాగూ విరిగేదే. దాన్ని వదిలేసి ఆడపిల్లల బెంచీ మీంచి లేచాను. "పది లక్షల మూడు, మాస్టారూ!"

ఆయన మూడో ఎక్కం చూశారు. ఏడు, పదకొండు, పదమూడు చూశారు. పందొమ్మిది దాకా వెళ్ళి, సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. మావైపు తిరిగి, "తెలీదు" అన్నారు.

బళ్ళో ఒక మాస్టారి నోట తెలీదన్న మాట వినడం నాకదే మొదటిసారి. చింతపండు ఉండ సంగతే మర్చిపోయాను.

"అంత పెద్ద సంఖ్య ఎక్కడో ఒకచోట విరగదా సార్?" అన్నాడు బావ.

"విరగదు" అన్నాను నేను. ఎందుకన్నానంటే వాడు విరుగుతుందన్నాడు కాబట్టి. అంతకు మించి నా దగ్గర కారణమేమీ లేదు.

మాస్టారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఒంగోల్లో జిల్లా లెక్కల పోటీ జరగబోతోంది. బడికి ఒక్కరే వెళ్ళాలి. "ఇంకో పదహారు రోజులకి సోమవారం పేరు ఇచ్చి రావాలి. ఏరా, ఆ లోపల దాన్ని భాగించే సంఖ్య ఒక్కటి పట్టుకొస్తే నువ్వెళ్దువుగాని. ఏమ్మా, ఏదీ భాగించదని నువ్వు చూపిస్తే నువ్వు. ఇద్దరూ తేలేకపోతే తొమ్మిదో తరగతి వాళ్ళని పంపిస్తా."

ఒంగోలంటే నాకు రైలు. అప్పటికి నేను రైలు చూడలేదు. అద్దంకి దాటి బస్సెక్కిందీ లేదు. పైగా మా బడి నుంచి ఆడపిల్లని పోటీకి పంపిన రోజూ లేదు. ఇంటికెళ్ళేదాకా నా కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు.

ఇంటికెళ్ళాక తెలిసింది నేనెంత తెలివితక్కువ పందెం ఒప్పుకున్నానో. వాడికి ఒక్క సంఖ్య దొరికితే చాలు. నేను అన్నీ చూడాలి.

మర్నాడు మాస్టారు ఒక దారి మాత్రం చూపించారు. "పది లక్షలదాకా చూడక్కర్లేదమ్మా. వెయ్యి దాకా చాలు. రెండు ముక్కలూ వెయ్యి దాటాయనుకో, వాటిని గుణిస్తే పది లక్షల మూడు కూడా దాటిపోతుంది. అంచేత విరిగితే ఒక ముక్క వెయ్యి లోపలే ఉండి తీరాలి." ఇది నాకెంత నచ్చిందంటే, దారిలో కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పాను. చాకలి తాతకి కూడా చెప్పాను. ఆయన ఆలోచించి, నిజమే పిల్లా అన్నాడు.

బడి అయ్యాక నా మధ్యాహ్నాలన్నీ కళ్ళంలోనే. చేలో ఒక మూల చదును చేసి, పేడతో అలికి, కోసిన మిరపకాయలు ఎండబోసుకునే జాగా అది. పక్కన తాటాకు పాక. పగలంతా అక్కడ మా నాయనమ్మ రాజ్యం. వేపకర్ర పట్టుకుని మేకల్ని, నన్ను ఒకేలా అదిలించేది. మధ్యాహ్నం కుండలో సద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ, నంజుకోడానికి గోంగూర వేసి నూరిన పండుమిరప పచ్చడి. చుట్టూ బస్తాల కొద్దీ మిరపకాయలు పెట్టుకుని, మళ్ళీ మిరపకాయే నంజుకుని తినే జాతి మాది.

రాసుకోడానికి కాగితాల్లేవు. పెట్టెలో దాచిన పాత శుభలేఖలు నాయనమ్మనడిగి తెచ్చుకున్నాను. పసుపు మరకల శుభలేఖల వెనకవైపు, ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళన్నిటి మీదా భాగహారాలు మొదలుపెట్టాను. రెండు, మూడు, నాలుగు, అయిదు, అలా వరసగా. మూడోరోజుకి పదమూడు దగ్గరికొచ్చాను.

శేషం సున్నా వచ్చింది.

మళ్ళీ చూశాను. సున్నాయే. పది లక్షల మూడు పదమూడో ఎక్కంలో పోయింది! బావ గెలిచాడు. రైలు పోయింది. కారం చేతులతో కళ్ళు తుడుచుకున్నాను, దాంతో ఏడుపు రెండింతలయింది. నాయనమ్మ మజ్జిగతో నా మొహం కడిగింది.

"ఏందే ఆ ఏడుపు? సరిగ్గా చూసినావా? సున్నాలన్నీ లెక్కపెట్టుకో ముందు" అంది. ఆవిడ బడి మొహం చూసిన మనిషి కాదు. కానీ నేను ఎప్పుడూ ఏది ఎక్కువ వేస్తానో ఆవిడకి తెలుసు. పచ్చట్లో ఉప్పైనా, మాటల్లో గొప్పలైనా.

లెక్కపెట్టాను. ఒక సున్నా ఎక్కువ వేశాను. నేను విరగ్గొట్టింది కోటీ మూడుని! అది పదమూడో ఎక్కంలో పోతుంది, నా పది లక్షల మూడు పోదు, నాలుగు మిగులుతుంది. నాయనమ్మని పట్టుకుని గిరగిరా తిప్పేశాను. "వదలవే, పడిపోతా!" అని అరుస్తూనే నవ్వింది.

అక్కడ కాయలేరే ఆడవాళ్ళలో ఒకావిడ ఉండేది. దాచేపల్లి వైపు నుంచి ఏటా మిరప పనులకి వచ్చేది కాబట్టి అందరం దాచేపల్లత్త అనేవాళ్ళం. ఆవిడ పని తాలు ఏరడం. ఎండి రంగు పోయి తెల్లబడ్డ కాయని తాలంటారు. ఎర్రటి రాశిలో తాలుకాయ ఎక్కడున్నా ఆవిడ చెయ్యి చూపుకంటే ముందే అక్కడికి వెళ్ళేది. కబుర్లు చెబుతూనే, ఎటో చూస్తూనే ఏరి పడేసేది.

"ఏందమ్మాయ్ ఆ గొణుగుడు?" అని అడిగిందొకరోజు.

"పద్నాలుగుతో చెయ్యాలా వద్దా అని అత్తా. రెండుతోనే పోలేదు, ఇంక పద్నాలుగుతో ఎట్టా పోద్ది?"

"తాలని తెలిసినాక మళ్ళా రాశిలో ఎందుకు పోస్తావే? ముందే ఏరి అవతల పారెయ్యి."

బోర్డు మీద రాసిన మాస్టారి మాటలు కూడా నా బుర్రలోకి అంత సూటిగా దిగలేదు. నాలుగు, ఆరు, ఎనిమిది, అన్నీ రెండుకి తాలే. తొమ్మిది, పదిహేను మూడుకి తాలే. తాలంతా ఏరేస్తే మిగిలేవి గట్టికాయలు, అంటే ప్రధాన సంఖ్యలు. వాటితో భాగిస్తే చాలు!

నాయనమ్మ కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని కళ్ళం అంచున కొంత జాగా సంపాదించాను. "ఒక్క కాయ తొక్కినావంటే తాట తీస్తా" అన్న షరతు మీద. దాచేపల్లత్త, నేను కలిసి వెయ్యి మిరపకాయలు పేర్చాం. వరసకి పది, మొత్తం వంద వరసలు. వరసకీ వరసకీ మధ్య అత్త తన నాలుగు వేళ్ళు ఆనించి చూపించేది, బెత్తెడు ఎడం. పది వరసలకొక రాయి పెట్టాం, నూరేసి కాయలకి గుర్తుగా. ఎండలో ఆ వెయ్యి కాయలు మెరుస్తుంటే పనివాళ్ళందరూ వచ్చి చూసిపోయారు.

ఇంక ఏరుడు! ఒకటిని లెక్కలోకి తీసుకోకూడదన్నారు మాస్టారు, అది ముందే పోయింది. రెండుని వదిలి ప్రతి రెండో కాయా తీసేశాను. మూడుని వదిలి ప్రతి మూడోదీ. అయిదు. ఏడుల వంతుకి నాయనమ్మకి హుషారొచ్చి కొంగు దోపుకుని దిగింది. "ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి" అని పాటలా పాడుకుంటూ వంద వరసలూ తిరిగి వచ్చింది, ఒక్క తప్పు లేకుండా. పదకొండు, పదమూడు, పదిహేడు, అలా ముప్ఫై ఒకటి దాకా ఏరాం. ముప్ఫై ఏడుకి వచ్చేసరికి చూస్తే, తీయాల్సిన కాయలన్నీ అప్పటికే పోయి ఉన్నాయి. వెయ్యిలోపల ఇంక తాలు లేదు! ఆ రోజు నేను పెట్టిన కేకకి పాక మీది కాకులు లేచిపోయాయి.

మర్నాడు మధ్యాహ్నం మిగిలిన కాయలన్నిటినీ వరసగా చదువుకుంటూ వాటి సంఖ్యలు శుభలేఖ మీద రాసుకున్నాను. నూట అరవై ఏడు.

బావ పద్ధతి వేరు. వాడికి అదృష్టం మీద నమ్మకం. ఎక్కడ ఏ నంబరు కనపడితే దాంతో భాగించేవాడు. బస్సు నంబరు, గోడ మీద సినిమా వందరోజుల పోస్టరు, వాళ్ళ నాన్న చెప్పుల సైజు. మధ్యలో ఒకసారి నా శుభలేఖలు తీసి గడ్డివాములో దాచాడు. వాడికి పెన్ను మూత నమిలే అలవాటుంది. మర్నాడు ఆ మూతకి పండుమిరపకాయ బాగా రుద్ది పెట్టాను. రెండో పీరియడంతా వాడు బోరింగు దగ్గరే ఉన్నాడు. శుభలేఖలు ఆ సాయంత్రమే మా గుమ్మంలోకి వచ్చేశాయి.

రోజుకి పది, పదిహేను భాగహారాలు. వేలికి కాయ కాసింది. ముప్ఫై ఏడుతో నాలుగు మిగిలింది. నూట ఒకటితో రెండే మిగిలింది, మళ్ళీ ఒకసారి వేసి చూసుకున్నాను. చిట్టచివర తొమ్మిదొందల తొంభై ఏడు. పన్నెండు మిగిలింది. అయిపోయింది! ఆదివారం సాయంత్రం పాక ముందు కూర్చుని తేగ ముక్క నములుతూ రైలెక్కినట్టే ఊగాను.

సోమవారం పొద్దున్నే శుభలేఖల కట్ట మాస్టారి బల్ల మీద పెట్టాను. బావ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. వాడికేమీ దొరకలేదు. "అయినా అన్నీ చూసిందో లేదో లెక్కపెట్టండి సార్" అన్నాడు.

మాస్టారు వేలు పెట్టి లెక్కపెట్టారు. ఆగి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టారు.

"నూట అరవై ఏడే ఉన్నాయమ్మా. వెయ్యిలోపల ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది. అవన్నీ నాకు నోటికి రావు గానీ, లెక్క మాత్రం మా కాలేజీలో బట్టీ పట్టించారు. ఒకటి పోయింది."

బావ కట్టుకున్న చేతులు విప్పాడు. "ఆ పోయిందే భాగిస్తుందేమో సార్!"

"కావచ్చు" అన్నారు మాస్టారు. "తొమ్మిదిన్నర బస్సుకి నేను వెళ్ళి పేరు ఇవ్వాలి. ఇంకా గంట ఉంది. ఆ ఒక్కటీ ఏదో కనుక్కో. అది భాగించిందా, పేరు మీ బావది. భాగించలేదా, నీది. ఒరేయ్, నువ్వూ వెళ్ళు. లెక్క ఇద్దరూ చూడాలి."

పరిగెత్తాను. వెనకే బావ. చెప్పులు ఎక్కడ పోయాయో ఇద్దరికీ తెలీదు.

కళ్ళానికి వెళ్ళేసరికి అక్కడ బస్తాలు తొక్కుతున్నారు. కాయలు విరక్కుండా ముందురోజు నీళ్ళు చిలకరించి, గోనెసంచుల్లో పోసి మనుషులు పైకెక్కి తొక్కే పని అది. నా వరసల్లో ఒక్క కాయ లేదు. మొత్తం ఊడ్చి రాశిలో కలిపేశారు. రాళ్ళు మాత్రం ఎక్కడివక్కడ ఉన్నాయి. ఘాటు పొగలా లేచి కళ్ళలోకి కొడుతోంది.

"నాయనమ్మా, నా వరసల్లో కాయ ఎవరు తీశారు?"

"ఊడ్చింది ఇయ్యాల కదే. నువ్వు రాసుకున్నావుగా అంతకు ముందే."

"రాసుకోకముందు! ఒకటి పోయింది, ఒకే ఒక్కటి!"

బస్తాల పక్కన తాలు ఏరుతున్న దాచేపల్లత్త చెయ్యి ఆగింది. ఆవిడ చెయ్యి ఆగడం నేనెప్పుడూ చూడలేదు. బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది.

"అమ్మో, అది నేనే తల్లీ. ఆరోజు సద్ది తింటా మీ వరసల పక్కన కూచున్నా. ఒకటి తెల్లగా కనపడింది. చెయ్యి ఊరుకోలా. తీసి తాల్లో పడేసినా. ఇరవై ఏళ్ళుగా ఇదే చేస్తన్నా, నా చెయ్యి నా మాట వినదమ్మా!"

నాకు కోపం రావాలి. రాలేదు, తీరిక లేదు. "ఎక్కడ కూర్చున్నావత్తా?"

"పాక గుమ్మానికి ఎదురుగా ఉండే రాయి దగ్గిర."

అది ఏడో రాయి! ఏడొందలు అక్కడికి అయిపోతాయి. "రాయికి ఇవతలా, అవతలా?"

"అవతలే. మూరెడు దూరం ఉంటది." ఆవిడ వచ్చి రాయికి మోచెయ్యి ఆనించి నేల మీద చెయ్యి చాచింది. పూలమ్మే దగ్గర కొలుస్తారే, అచ్చం అలా. "ఇదిగో, నా వేళ్ళ చివర. ఆ వరసలో రెండే కాయలుండాయి. ఒకటి మంచిది, ఒకటి తాలు."

బెత్తెడుకొక వరస, పేర్చింది ఈ చెయ్యే. మూరకి ఆరు బెత్తెలు. ఏడో రాయి దాటాక ఆరో వరస! ఏడొందల యాభై ఒకటి నుంచి అరవై దాకా. శుభలేఖలో చూశాను. ఆ వరసలో ఏడొందల యాభై ఒకటి ఒక్కటే ఉంది.

"సరి సంఖ్యలు కావు, అయిదు కాదు" అన్నాడు బావ నా భుజం మీంచి. "మిగిలినవి యాభై మూడు, యాభై ఏడు, యాభై తొమ్మిది."

"ఏడు, అయిదు, మూడు కలిపితే పదిహేను. మూడో ఎక్కంలో పోయింది. ఏడు, అయిదు, తొమ్మిది, ఇరవై ఒకటి. అదీ పోయింది."

"ఏడొందల యాభై ఏడు!" ఇద్దరం ఒకేసారి అరిచాం.

పుల్ల తీసుకుని నేల మీద భాగహారం వెయ్యబోయాను. కళ్ళు కనపడితేగా! ఘాటుకి నీళ్ళు ధారలు కడుతున్నాయి, అంకెలన్నీ అలుక్కుపోయాయి. తుడుచుకుంటే ఇంకా మంట. పుల్ల నా చేతిలోంచి బావ లాక్కున్నాడు. వద్దనడానికి నాకు టైము లేదు. కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ఎవరికైతే అది శేషం లేకుండా పోవాలో వాడి చేతిలోనే ఉంది లెక్క.

"వెయ్యిలో ఒకసారి. రెండొందల నలభై మూడు" అంటున్నాడు. "సున్నా దింపు. మూడుసార్లు. నూట యాభై తొమ్మిది. సున్నా దింపు. రెండుసార్లు. డెబ్భై ఆరు. మూడు దింపు." వాడి గొంతు మారింది. "ఏడొందల అరవై మూడు."

బస్తా మీద తొక్కే మనిషి కూడా ఆగిపోయాడు. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఏడొందల అరవై మూడులో ఏడొందల యాభై ఏడు. ఎంత దగ్గరో చూడండి! ఒక్క అంకె అటూ ఇటూ చెప్పినా నాకు కనపడదు, నా కళ్ళు మూసి ఉన్నాయి. ఆ కాసేపట్లో నేను బావని ఎన్ని తిట్టుకున్నానో, మనసులో ఎన్నిసార్లు కాళ్ళు పట్టుకున్నానో వాడికి ఇప్పటికీ చెప్పలేదు.

"ఆరు" అన్నాడు బావ. "ఆరు మిగిలిందే! విరగలేదు!"

నాయనమ్మ వేపకర్ర గాల్లోకి విసిరేసింది. దాచేపల్లత్త నా తల పట్టుకుని మెటికలు విరిచింది. అక్కడున్న సగం మందికి ఏం గెలిచామో తెలీదు, అయినా అందరూ అరిచారు.

"నిలబడతావేందే? బస్సు!" అని బావ ముందు పరిగెత్తాడు.

మేము రోడ్డెక్కేసరికి ఎర్ర బస్సు కదులుతోంది. బావ వెళ్ళి రెండు చేతులూ పైకెత్తి దానికి ఎదురుగా నిలబడ్డాడు. డ్రైవరు తిట్టిన తిట్లు రాస్తే బాగుండదు. మాస్టారు ఫుట్‌బోర్డు మీదికి వచ్చారు.

"ఏడొందల యాభై ఏడు మాస్టారూ! ఆరు మిగిలింది!"

"వీడు చూశాడా?"

"చేసింది నేనే సార్" అన్నాడు బావ.

ఆయన మా మాట మీద పేరు రాయలేదు. జేబులోంచి పెన్ను తీసి, టిక్కెట్టు వెనక మొత్తం భాగహారం మళ్ళీ వేశారు. కండక్టరు రైట్ రైట్ అని అరుస్తున్నా వినలేదు. చివరికి తలెత్తి, "ప్రధాన సంఖ్యే!" అన్నారు. ఆ మొహం చూస్తే ఆయనే ఎనిమిదో తరగతిలా ఉన్నారు. పేరు మా ఎదురుగానే రాసుకున్నారు.

ఒంగోలు వెళ్ళాను. పోటీలో నాకేమీ రాలేదు. ఇచ్చిన లెక్కల్లో సగం అర్థం కూడా కాలేదు. కానీ రైలు చూశాను. గూడ్సు బండి. పెట్టెలు లెక్కపెట్టాను, నలభై ఏడు. "ఇదీ విరగదు మాస్టారూ" అంటే, ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆయన ఎంతసేపు నవ్వారో.

తిరిగొచ్చిన సాయంత్రం దాచేపల్లత్త మా ఇంటికొచ్చింది. పనులు అయిపోయాయి, మర్నాడు వాళ్ళ ఊరు వెళ్ళిపోతోంది. కొంగుముడి విప్పి ఒక తెల్లటి తాలుకాయ నా చేతిలో పెట్టింది. "తాలు కుప్పంతా ఎతికినా తల్లీ. ఇదో కాదో తెలీదు. ఇట్టాంటిదే. దాచుకో" అంది. నాకు అప్పుడు వచ్చింది ఏడుపు, ఘాటు లేకుండానే. చాన్నాళ్ళు నా పెట్టెలో ఉంది అది. తర్వాత పురుగు పట్టి పొడైపోయింది.

కళ్ళం ఉన్న చోట ఇప్పుడు ఇళ్ళ స్థలాలు. నాయనమ్మ లేదు, మాస్టారు లేరు. అత్త ఏమైందో తెలీదు, ఎప్పుడో రావడం మానేసింది. బావకి అద్దంకిలో విత్తనాల కొట్టుంది. నేను ఫోను చేస్తే హలో అనడు, "ఆరు" అంటాడు. ఆ ఒక్క మాట నిజం చెప్పినందుకు వాడి పోసుకోలు గొప్పలన్నీ ఇన్నేళ్ళుగా భరిస్తున్నాను.

ఇదంతా విని మనవరాలు ఫోను తీసి పది లక్షల మూడు కొట్టి చూసింది. రెప్పపాటులో జవాబొచ్చింది. "నిజమే అమ్మమ్మా! ప్రధాన సంఖ్యే!" అని గంతులేసింది. దానికి ఇన్నాళ్ళకి తెలిసిందేమో, నాకు ఆరోజే తెలుసు. అయినా ఆ రెప్పపాటూ నేను తొడిమలు తీయడం ఆపి చూశాను.

తర్వాత తనంతట తనే వచ్చి పక్కన కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. కాసేపటికి ఒక తెల్లబడ్డ కాయ పట్టుకుని, "ఇది పాడైపోయింది కదా?" అని అవతల పారెయ్యబోయింది.

"ఉంచవే" అన్నాను. ఆ చేతిలోంచి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. "అది ఏడొందల యాభై ఏడు."